రెండు దారుల బండి

ఆ ఏడు చలి పూర్తిగా పోకముందే మా పాత బండి ప్రాణం విడిచింది. కొండ దిగుతుంటే సగం దారిలో ఇంజిన్ లోపల ఏదో విరిగిన చప్పుడైంది, అంతే. క్యాబేజీలు తీసుకెళ్ళే లారీ వాళ్ళు నన్నూ దాన్నీ కలిపి ఎక్కించుకున్నారు. ఆకుల మధ్య కూర్చుని నేను పట్నం ఆసుపత్రికి చేరేసరికి నా మందుల కౌంటర్ ముందు జనం బారులు తీరి ఉన్నారు.

మా ఊరు హువాయ్ దిన్ నడికొండ మీద ఉంటుంది. మా గుమ్మం ముందు నుంచి రెండు దారులు పోతాయి. కిందికి దిగేది తారు రోడ్డు, మెలికలు తిరుగుతూ పట్నానికి పోతుంది. అది నా దారి. పైకెక్కేది ఎర్రమట్టి బాట, అడవిలోంచి శిఖరం దాకా పోతుంది. అది నాన్న దారి. మాఘమాసం దాటి ఎండలు ముదిరిన దగ్గర్నుంచి తొలి వాన పడేదాకా కొండల్లో ఎక్కడో ఒకచోట మంట లేస్తూనే ఉంటుంది. ఊరి తరఫున ఆ మంటల్ని కాపు కాసే దళానికి మా నాన్న బున్‌మా పెద్ద. నేను పనికి వెళ్ళిన రోజుల్లో బండి నాది, నా సెలవుల్లో ఆయనది. మిగతా రోజుల్లో ఆయన నడిచే ఎక్కేవాడు.

అందుకని కొత్త బండి ఎలాంటిది కొనాలన్న మాట వచ్చేసరికి ఇంట్లో మూడు పక్షాలు తేలాయి.

"స్కూటర్ కొనండి," అంది అమ్మ, జిగురన్నం బుట్ట మూత తీస్తూ. "కాళ్ళ దగ్గర కూరగాయల గంప పెట్టుకోవచ్చు. సీటు కింద గొడుగు పెట్టుకోవచ్చు. లుంగీ కట్టుకున్నా మర్యాదగా ఎక్కి కూచోవచ్చు."

"స్కూటర్ మీద శిఖరానికి పోతే సగం దూరం అది నన్ను మోస్తుంది, సగం దూరం నేను దాన్ని మోస్తాను," అన్నాడు నాన్న.

"నీకేం, కోతివి. దేని మీదైనా ఎక్కుతావు. సంతకి పోయేది నేను."

నాకు కావలసింది వేరు. మా తారు రోడ్డు ఎత్తు మీద పాత బండి వణుక్కుంటూ ఎక్కుతుంటే వెనక నుంచి లారీలవాళ్ళు హారన్ కొట్టి కొట్టి చంపేవాళ్ళు. ఆ హారన్‌కి అందకుండా దూసుకుపోయే పెద్ద ఇంజిన్ కావాలి నాకు. రోజూ ఆ దారిన పోయేది నేను, జీతంలోంచి వాయిదా కట్టేదీ నేనే. అది మాత్రం పైకి అనలేదు.

"కొండ ఎక్కగలగాలి, పట్నానికి పోగలగాలి," అన్నాడు నాన్న చివరికి. "అలాంటిది చూద్దాం."

పట్నంలో లిమ్ గారి బండ్ల దుకాణం మార్కెట్ వెనక ఉంది. లిమ్ గారు ఎప్పుడూ ఒక చేతిలో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో అద్దాలు తుడుస్తూ ఉంటాడు. మట్టిలోనూ రోడ్డు మీదా పోయే రకాలు రెండున్నాయి ఆయన దగ్గర. ఒకటి మూడు వందల సీసీది. ఎత్తుగా, ముక్కు ముందుకు చాచి, గుర్రంలా ఉంది. రెండోది నూట యాభైది. మొదటిదానికి తమ్ముడిలా, ఇంకా ఎదగని పిల్లాడిలా ఉంది.

నేను తిన్నగా పెద్దదాని దగ్గరికి వెళ్ళాను. ఎక్కి కూర్చుంటే కాలివేళ్ళ కొసలు మాత్రమే నేలకి ఆనాయి. అయినా చేతులు హ్యాండిల్ మీద పడగానే వెనక హారన్ కొట్టేవాళ్ళంతా ఒక్కసారిగా దూరమైనట్టు అనిపించింది.

"బాగుందా?" అన్నాడు నాన్న.

"బాగుంది."

"దిగు."

నేను దిగాక ఆయన ఆ బండిని దుకాణం పక్కనున్న గడ్డిలోకి నడిపించాడు. అక్కడ పడున్న ఖాళీ గోతాలు కాలితో సరిచేసి, బండిని మెల్లగా పక్కకి వాల్చి వాటి మీద పడుకోబెట్టాడు. లిమ్ గారు టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి వచ్చాడు.

"పెద్దాయనా, అది అమ్మకానికి పెట్టింది. గీతలు పడితే నేనెవరికి అమ్ముకోను?"

"అడవిలో ఇది నిలబడి ఉండేకంటే పడుకుని ఉండేదే ఎక్కువ. అలవాటు చేస్తున్నా," అని నాన్న నా వైపు తిరిగాడు. "లేపు."

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

లేపలేకపోయాను. హ్యాండిల్ పట్టుకుని గుంజితే చక్రం తిరిగిపోయింది తప్ప బండి కదల్లేదు. రెండోసారి మోకాలి దాకా లేచి మళ్ళీ గోతాల మీదికి వాలింది. నాన్న సాయం పట్టలేదు. లిమ్ గారిని కూడా పట్టనివ్వలేదు.

తర్వాత చిన్నదాన్ని పడుకోబెట్టాడు. "దాని వైపు చూస్తూ గుంజకు. వీపు తిప్పు. నడుము సీటుకి ఆనించు. ఒక చెయ్యి హ్యాండిల్ కొసన, ఇంకో చెయ్యి వెనక కమ్మీ మీద. ఇప్పుడు చేతుల్తో కాదు, కాళ్ళతో వెనక్కి నడువు."

నడిచాను. బండి నా వీపుతోపాటు లేచి నిలబడింది.

"ఇది తీసుకుందాం," అన్నాడు నాన్న.

"నాన్నా, ఇది ఇద్దరం ఎక్కితే మన ఎత్తు మీద రెండో గేరులో రొప్పుతుంది. నేను రోజూ పోయేది తారు రోడ్డు."

"రొప్పుతుంది. కానీ ఎక్కుతుంది."

"నువ్వు లేపి చూడవా మరి?"

"నాకు లేపడం వచ్చు."

ఆపైన టైర్ల దగ్గర కాసేపు వాదన జరిగింది. గుబ్బలు గుబ్బలుగా ఉన్న అడవి టైరు వేస్తే తారు మీద ఏడుపు చప్పుడు చేస్తుందనీ, వానలో జారుతుందనీ, తొందరగా అరిగిపోతుందనీ లిమ్ గారు చెప్పాడు. నున్నటి రోడ్డు టైరు వేస్తే ఎండుటాకుల మీద సబ్బుబిళ్ళేనని నాన్న అన్నాడు. చివరికి రెంటికీ మధ్య రకం కుదిరింది.

"రెండు దారులకీ పనికొచ్చే బండంటే రెండు దారుల్లోనూ కాస్త కాస్త ఇబ్బంది పెట్టే బండేనండి," అన్నాడు లిమ్ గారు నాతో. "సర్దుకుపోవాలి. పెళ్ళైనవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదనుకోండి."

నేను పెళ్ళిలోంచి తిరిగొచ్చేసిన మనిషినని ఆయనకి తెలియదు. నాన్న గొంతు సవరించుకుని, "సీటులో స్పాంజి కోయించు. రెండు వేళ్ళ మందం," అన్నాడు.

"మీరు పొడుగు మనిషి గదా. మోకాళ్ళు పట్టేస్తాయి."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే."

అంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కత్తులు సాన పట్టించే పనుందనీ, తను ఊరి జీపులో వస్తాననీ చెప్పి నాన్న మార్కెట్లోకి వెళ్ళిపోయాడు. కొత్త బండి నేనొక్కదాన్నే ఇంటికి తెచ్చాను. ఎత్తు మీద అది అనుకున్నట్టే రొప్పింది. నాకు కోపంగానే ఉంది. ముందుకీ వెనక్కీ తిరిగి చూసి అమ్మ అడిగింది, "మొదట ఆయన నడపలేదా?"

"కత్తులు సాన పట్టించాలట."

అమ్మ, బండి మీద దుమ్ము లేకపోయినా భుజం మీది గుడ్డతో తుడిచింది.

ఆ సీటు అమ్మకి ఎంత అన్యాయమో రెండు రోజుల్లోనే తెలిసింది. సన్నగా, పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. ఆవిడ ఇంటి మెట్ల మీద నుంచుని, అక్కడి నుంచి బండి మీదికి వాలేది. "కంచె మీద కూచున్నట్టుంది," అని సంత దాకా తిట్టుకుంటూ వచ్చేది. మా నాన్నకి బాబాయి కొడుకు, దళంలో రెండోవాడు, కేవ్ బాబాయి మా వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు.

"మందుల కౌంటర్ పిల్లకి అడవి బండెందుకు, అన్నా? కొండమీద జింకలకి బిళ్ళలు పంచుతుందా?"

"నీకు పంచుతుందిలే. ముందు నీ దగ్గు చూపించుకో," అంది అమ్మ.

నా సెలవు రోజుల్లో నాన్న నన్ను ఎండిపోయిన వాగులోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఆయన బండి ఎక్కలేదు. గట్టు మీద తల కొంచెం పక్కకి తిప్పి కూర్చునేవాడు. ఆ భంగిమ నాకు కొత్తగా అనిపించేది. వయసు మీద పడి మెడ పట్టేసిందనుకున్నాను.

"నుంచో. సీటు మీద కూర్చోడానికి ఇదేమన్నా సినిమా హాలా? కాళ్ళు కమ్మీల మీద నొక్కు, మోకాళ్ళు వదులు చెయ్యి. బండిని దాని మానాన ఊగనియ్యి, నువ్వు ఊగకు."

ఇసకలో పడ్డాను. గులకరాళ్ళ మీద పడ్డాను. లేచినప్పుడల్లా వీపు తిప్పి బండిని లేపాను.

"ఎందుకు పడ్డావో తెలుసా? ఆ రాయినే చూస్తున్నావు. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. రాయిని చూడకు, రాయి పక్కనున్న ఖాళీని చూడు."

"నాకెందుకు నాన్నా ఇవన్నీ? కొండెక్కేది నువ్వు గదా."

"తారు రోడ్డు మీద మాత్రం ఇసక ఉండదా?"

ఉంటుంది. ఆ వారమే ఒక మలుపులో, లారీలోంచి ఒలికిన కంకర మీద వెనక చక్రం జారితే, కాళ్ళు వాటంతటవే కమ్మీల మీద బిగిశాయి. చూపు కంకర మీద కాక దాని పక్కనున్న తారు మీద నిలిచింది. బండి ఒకసారి తోకాడించి దారిలోకి వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాట చెప్పాను. నాన్న మిరపకాయ పచ్చడి కోసం చెయ్యి చాచి, గిన్నెని తట్టి ఒలకబోశాడు. అమ్మ నేల తుడిచి, గిన్నెని ఆయనకి సరిగ్గా ఎదురుగా జరిపింది.

ఎండలు ముదిరాక పొగ దిగింది. పట్నం నుంచి చూస్తే మా కొండే కనిపించేది కాదు. పగటిపూట సూర్యుడు మసిపట్టిన రాగిచెంబు అడుగులా ఉండేవాడు. నా కౌంటర్ ముందు వరస ఆసుపత్రి గేటు దాకా పాకింది. పిల్లలు ఒకటే దగ్గు. ముసలివాళ్ళు ఊపిరి ఆడక, పీల్చే మందు గొట్టం చేతికి అందగానే కవరు చింపి అక్కడే నోట్లో పెట్టుకునేవాళ్ళు. పగలంతా పొగ మింగినవాళ్ళకి మందులిచ్చి, సాయంత్రం ఆ పొగ పుట్టే చోటికి బండి మీద తిరిగొచ్చేదాన్ని. ఇంటికొచ్చేసరికి నాన్న చొక్కాకీ అదే వాసన. రెండు దారుల చివరా ఉన్నది ఒక్కటేనని ఆ రోజుల్లోనే నాకు తోచడం మొదలుపెట్టింది.

సంక్రాంత్ ఇంకా రాలేదు. ఎండాకాలం నడిమిన వచ్చే నీళ్ళ పండగని మేమలాగే అంటాం. ఆ రోజు నాకు సెలవు. భోజనాల వేళ నాన్న వాకీటాకీలో కేవ్ బాబాయి గొంతు వినబడింది. అవతలి లోయలోంచి మంట శిఖరం దాటి మన వైపు తిరిగిందట. వెదురు వాలు పైన మిగతా దళమంతా ఉంది. మంటకి మేత దొరక్కుండా ఎండుటాకులు ఊదేసే యంత్రాలకి పెట్రోలు అయిపోవచ్చింది, తాగడానికి నీళ్ళు లేవు. వెదురు వాలుకి కింద ఊటబుగ్గ ఉంది. ఊళ్ళో ప్రతి కుళాయికీ నీళ్ళు ఆ బుగ్గలోంచే వస్తాయి. చుట్టూ ఉన్న చెట్లు కాలిపోతే బుగ్గ ఎండిపోతుందని పసిపిల్లలకి కూడా తెలుసు.

బండికి రెండు వైపులా డబ్బాలు కట్టాం. నాన్న నడిపాడు. నేను వెనక పెట్రోలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మట్టిబాట చీలిక దాకా వెడల్పుగా ఉంటుంది, జీపు కూడా పోతుంది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ తిరిగిన బాట. నాన్న తేలిగ్గానే నడిపాడు. కాకపోతే మరీ నెమ్మదిగా నడిపాడు.

బాట చీలే చోట ఆగాడు. అక్కడి నుంచి శిఖరానికి పోయేది మనిషి వెడల్పు దారి. ఒక పక్క లోయ. చెట్ల కింద ఎండ ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ఇంజిన్ ఆడుతూనే ఉంది. ఆయన కాలు నేల మీద పెట్టి, తల ఒక పక్కకి తిప్పాడు, ఇంకో పక్కకి తిప్పాడు.

"ఏంటి నాన్నా?"

"దారి కనబడట్లేదు."

నేను ఆయన భుజం మీదుగా చూశాను. దారి ఎదురుగానే ఉంది. మంట చాలా పైన ఉంది, గాలి అటు వైపు వీస్తోంది.

"ఇక్కడ పొగ లేదు గదా."

"అదే," అన్నాడు నాన్న.

ఆయన బండి దిగాడు. హ్యాండిల్ వదలకుండా, నేను ముందుకి జరిగేదాకా పట్టుకున్నాడు. నా పాదాలు రెండూ నిండుగా నేలకి ఆనాయి. పెట్రోలు డబ్బా తీసుకుని వెనక సీటు మీద పెట్టి, రబ్బరు తాళ్ళతో కట్టాడు. కట్టేటప్పుడు డబ్బా వైపు చూడలేదు, వేళ్ళతో తడిమి ముడులు వేశాడు.

"నువ్వూ రా."

"ఇద్దర్నీ మొయ్యదు. నువ్వు పో. మూడో మలుపు దగ్గర వెదురాకు మందంగా రాలి ఉంటుంది. బ్రేకు పట్టుకోకు."

ఏమీ అడగడానికి వ్యవధి లేదు. లేచి నుంచుని, మొదటి గేరు వేసి, వెళ్ళాను.

ఆ దారిలో నాన్నతో కలిసి నడిచాను గానీ, ఎప్పుడూ బండి మీద పోలేదు. తేలికపాటి బండి కాబట్టి వేర్ల మీద ఎగిరినా చేతుల్లోంచి పోలేదు. లోయ వైపు చూడకూడదనుకుంటే చూపు అటే లాగుతోంది. ఖాళీని చూడు, ఖాళీని చూడు అని పైకే అనుకుంటూ పోయాను. మూడో మలుపు దగ్గర ఆకు చూడగానే, చెప్పినా వినకుండా, చెయ్యి బ్రేకు పట్టేసింది. వెనక చక్రం పక్కకి పోయింది. కొండ వైపే పడ్డాను, అది నా అదృష్టం. ఇంజిన్ ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది మంట. పైన వెదురు బొంగులు పేలుతున్నాయి, పెళ్ళిలో టపాకాయల్లా. మధ్యలో ఏ పిట్టా కూయడం లేదు. లేచి, వీపు తిప్పి, సీటుకి నడుము ఆనించాను. డబ్బాల బరువుతో బండి కదల్లేదు. ఒక నీళ్ళ డబ్బా విప్పి పక్కన పెట్టి, మళ్ళీ వెనక్కి నడిచాను. లేచింది. డబ్బా తిరిగి కట్టి మీట నొక్కితే ఇంజిన్ దగ్గి ఊరుకుంది. కాసేపాగి మళ్ళీ నొక్కాను. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత అందుకుంది.

పైన దళంవాళ్ళు మొహాల నిండా మసితో గుర్తుపట్టలేకుండా ఉన్నారు. కేవ్ బాబాయి నా వెనక చూశాడు.

"అన్నేడీ?"

"కింద, చీలిక దగ్గర."

"మరి బండి..." అని ఆగిపోయాడు. నా మోచేతి మీద రక్తం చూశాడు. నీళ్ళ డబ్బా విప్పి ముందు నాకు పట్టించాడు, తర్వాత తను తాగాడు. "ఇంకో విడత తేగలవా?"

"తెస్తాను."

మధ్యాహ్నమంతా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. ఊళ్ళో నుంచి జీపు చీలిక దాకా డబ్బాలు తెచ్చి పడేస్తోంది. నాన్న వాటిని నా బండికి కడుతున్నాడు. మా మధ్య "ఈ వైపు బరువు ఎక్కువైంది", "పెట్రోలు చాలంట, నీళ్ళే కావాలంట" తప్ప మాటల్లేవు. పొద్దు వాలుతుండగా గాలి తిరిగింది. వెదురు వాలుని వదిలేసి, బుగ్గకి కాస్త పైదాకా దిగిపోదామన్నాడు బాబాయి. ఆయనకి అది తేలిక కాదు. ఆ వెదుళ్ళలోనే ఆయన తేనెపట్లు ఉన్నాయి. అందరం కిందికి జరిగి, బుగ్గ పైన ఆకులు ఊది, నేల కనబడేదాకా గీరి, అడ్డగీత గీశాం. చీకటి పడే వేళకి మంట ఆ గీత దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క, కుంగిపోయింది. వాలంతా పోయింది. బుగ్గ మిగిలింది.

నేను చీలిక దగ్గరికి దిగేసరికి నాన్న నేను వదిలిన చోటే నుంచుని ఉన్నాడు.

"మొదటి విడతలో మూడో మలుపు దగ్గర పడ్డావు," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఇంజిన్ ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత రెండుసార్లు దగ్గింది."

"ఆగినప్పుడు నువ్వేం చేశావు?"

"నుంచున్నాను. ఏం చెయ్యను?"

ఆయన ఆ దారిలో రెండడుగులు వేసి ఉంటాడు. ప్యాంటు మోకాలి దగ్గర మట్టి అంటుకుని ఉంది. నేనది చూశానని ఆయనకి తెలియదు.

కేవ్ బాబాయి మా వెనకే దిగాడు. నాన్న అడుగు వెయ్యబోయి, పాదంతో నేలని తడమడం చూశాడు. ముందుకి వెళ్ళి, నాన్నకి సరిగ్గా ముందు నడవడం మొదలుపెట్టాడు. "ఇక్కడ వేరుందన్నా... ఇక్కడ పల్లం," అంటూ, ఏదో కబురు చెబుతున్నట్టు, ఊరి దాకా నడిచాడు. బాబాయికి అంత నెమ్మదిగా మాట్లాడటం వచ్చని నాకు అంతవరకూ తెలియదు.

మర్నాడు అన్నాల దగ్గర అడిగాను. ముందు అమ్మని.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పోయిన ఏడు చలికాలం నుంచి. పక్కన ఉన్నవి కనబడట్లేదన్నాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుందట, అదీ గొట్టంలోంచి చూసినట్టు."

"నాకెందుకు చెప్పలేదు? నేను పనిచేసేది ఆసుపత్రిలో."

"చెప్తే ఏం చేస్తావు?" అన్నాడు నాన్న. "బండి తీసేసుకుంటావు. దళంలోంచి మానిపిస్తావు. నా తర్వాత ఆ దారి తెలిసినవాళ్ళు ఒకళ్ళు తయారయ్యేదాకా ఆగుదామనుకున్నా."

కాసేపటికి గాని ఆ మాట నాకు ఎక్కలేదు.

"అందుకేనా సీటు కోయించావు?"

"నీ కాళ్ళు పొట్టివి. నేనేం చెయ్యను?"

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. "నన్ను ఒక్క మాట అడగొచ్చుగా," అన్నాను. "అడవికి పోతావా అని."

"అడిగితే పోనంటావని భయం."

"అంటే అనేదాన్ని. అది నా ఇష్టం గదా."

నాన్న చేతిలోని జిగురన్నం ఉండని తిరిగి బుట్టలో పెట్టేశాడు. "అవును," అన్నాడు. "అడగాల్సింది." అమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి లేచి, పొయ్యి మీద లేని గిన్నె దింపడానికి వెళ్ళింది.

పండగ వెళ్ళాక జీపులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపుని అంచుల నుంచి లోపలికి తినేసిందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఆ చీటీ పట్టుకుని నాన్న అందరితోపాటు నా కౌంటర్ ముందు వరసలో నుంచున్నాడు. ముందుకి రమ్మని సైగ చేస్తే ఆయనకి కనబడలేదు. కనబడినా వచ్చేవాడు కాదేమో. వరస వచ్చాక అందర్నీ పిలిచినట్టే, "బున్‌మా గారూ," అని పిలిచాను.

"పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క. మానకూడదు."

"సరేనండి," అన్నాడు. వెనకున్న ముసలామె మమ్మల్నిద్దర్నీ వింతగా చూసింది.

తొలి వాన ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా వచ్చింది. కాలిన వాలు మీంచి నల్లటి నీళ్ళు మా వాకిట్లోంచి పారాయి. ఆ ఏటికి దళం పని ముగిసినట్టే. ఊరిపెద్ద ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు నాన్న తను తప్పుకుంటానని చెప్పాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. కేవ్ బాబాయి ఎప్పుడో అందరికీ చెప్పి ఉంటాడు.

"పెద్దగా నేనుంటా," అన్నాడు బాబాయి. "కానీ అన్న చోటు ఖాళీగా ఉంచొద్దు. ఆయన కూతురు లమై వస్తే బాగుంటుంది."

"ఆ అమ్మాయికి ఉద్యోగం ఉంది గదా," అన్నాడు ఊరిపెద్ద.

"ఉద్యోగం కింద, అడవి పైన. బండి రెంటికీ పోతుందిగా."

అందరూ నాన్న వైపు చూశారు. ఆయన చాప అంచు మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. నేను మాట్లాడేదాకా ఆయన మాట్లాడడని నాకు అర్థమైంది.

"సెలవుల్లో వస్తాను," అన్నాను. "కానీ నీళ్ళు మొయ్యడానికి మాత్రమే అయితే రాను. ఆకులు ఊదే యంత్రం నేర్పాలి. గీత ఎక్కడ గియ్యాలో చెప్పేటప్పుడు నన్ను కూడా కూర్చోబెట్టుకోవాలి."

"యంత్రం నీకంటే బరువుంటుంది," అన్నాడు బాబాయి.

"లేపడం వచ్చు."

నాన్న వేలు చాప మీద ఆగింది.

కంటి డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజు జీపు రాలేదు, వానకి ఎక్కడో మట్టి జారి పడిందట. నేను డ్యూటీకి బయల్దేరుతున్నాను. "ఎక్కు," అన్నాను. నాన్న బండి వెనక నిలబడి కాసేపు ఆలోచించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎవరి వెనకా కూర్చోలేదు. పాదాలు ఎక్కడ పెట్టాలో నేనే చెప్పాల్సి వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు తన మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, తర్వాత వెనక కమ్మీ పట్టుకున్నాడు, అదీ నచ్చక వదిలేశాడు.

రోడ్డు తడిగా ఉంది. పొగ కడిగేసిన కొండలు ఆకుపచ్చగా, దగ్గరగా జరిగినట్టున్నాయి. ఆయనకి ఎంతవరకు కనిపిస్తున్నాయో నేనడగలేదు. వెనక ఒక లారీ వచ్చి హారన్ కొట్టింది. పక్కకి జరిగి పోనిచ్చాను.

మొదటి మలుపులో నేను ఎడమకి వంగితే, ఆయన భయపడి కుడికి వంగాడు. బండి ఎటూ తిరగక నిటారుగా గట్టు వైపు పోయింది. వేగం తగ్గించి ఎలాగో తిప్పాను. రెండో మలుపులోనూ అంతే.

"నాన్నా, దారి సంగతి నేను చూసుకుంటాను. నేనెటు వంగితే నువ్వూ అటే వంగు."

కాసేపటికి నా భుజం మీద ఒక చెయ్యి పడింది, కాస్త ఆగి రెండోది. ముందు మలుపు కనబడుతోంది, తారు మీద నీళ్ళు మెరుస్తున్నాయి. నేను ఎడమకి వంగాను. వెనక ఆయన బరువు ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నాతోపాటే వంగింది.